కత్తుల ఆసు మీద మరక

పటగోనియాలో గాలికి సెలవు లేదు.
ఆదివారం కూడా వస్తుంది.
తలుపు కింద సందులోంచి దూరి
పిండిముద్ద మీది తడిని సైతం నాకేసి పోతుంది.

ఉన్ని కత్తిరించే కాలంలో ఆ కొట్టంలో నేను వంటవాణ్ణి.
పద్దెనిమిది మందికి రొట్టె, మాంసం, చేదు మాతె.
మొహాలకంటే ముందు
పళ్లెం అందుకునే చేతుల్ని గుర్తుపట్టేవాణ్ణి.

అనక్లేతోవి కంచెలు వేసేవాడి చేతులు.
ముప్పై ఏళ్ల ముళ్లతీగ, సిమెంటు, మంచు.
సాయంత్రం బట్టల సబ్బుతో మోచేతులదాకా తోముడు,
ఆపైన పొగలు కక్కే నీళ్లు.
"కాలితేనే కడిగినట్టు" అనేవాడు.
మునివేళ్ల నిండా ఎండిన మడుగు అడుగులా నెర్రెలు.
గోటితో గీస్తే ముంజేతి మీద సున్నపు గీత.
నా రొట్టెల పద్దు అక్కడే రాసుకుంటానని నా ఎకసెక్కం.
బొటనవేలి కణుపు దగ్గర ఒక చీలిక,
ఉప్పు తగిలితే తప్ప ఉన్నానని చెప్పేది కాదు.
నేనేమో అన్నిట్లోనూ ఉప్పు వేసేవాణ్ణి.

క్రీము మాటెత్తితే
"మా అమ్మమ్మ పెట్టెలో ఉండేవి" అని నవ్వేవాడు.
మగాడి తోలు తోలులాగే ఉండాలట.
జీను తోలుకి మాత్రం
శనివారం శనివారం కొవ్వు రాసేవాడు,
మడతల్లోకి వేలు పోనిచ్చి, ఓపిగ్గా.
పగిలితే మళ్లీ అతకదని నాకే చెప్పేవాడు.

రాత్రిళ్లు త్రూకో ఆట.
నలభై ముక్కల పేక, బీన్సు గింజల పందెం.
ఆ ఏడు అనక్లేతో ఓడాడు.
ఓడాడు.
ఓడుతూనే ఉన్నాడు.
కత్తుల ఆసును మించిన ముక్క ఆ ఆటలో లేదు.
అది చేతిలో పెట్టుకుని గొంతెత్తి పందెం పెంచగానే
ఎదుటివాళ్లు నోరెత్తకుండా ముక్కలు దించేసేవాళ్లు.
దేవుణ్ణి తిట్టాడు. గాలిని తిట్టాడు.
పులుసు పలచనైందని నన్ను తిట్టాడు.

చివరికి సెలెదోనియోకి జాలేసింది.
"నీ బొటనవేలు చాడీలు చెబుతోందిరా.
ముక్కల వెనక చూసుకో."
దీపం కింద పేకంతా బోర్లించాడు.
ఎండిన నెత్తుటి చుక్కలు, గోధుమరంగులో.
ఆసుకి పైమూల, ఏడుకి నడిమధ్య.
మంచి ముక్కలకే మరకలెక్కువ,
వాటినే కదా గట్టిగా పట్టుకున్నాడు.

సెలెదోనియోకి అరవై రెండేళ్లు.
రోజుకి నూట పది గొర్రెల్ని గొరిగే ఆ చేతులు
వయొలిన్ వాయించేవాడివి అనిపిస్తాయి.
ఉన్నిలోని జిడ్డు పని చేస్తూనే మందు రాస్తుంది మరి.
వడకట్టిన ఆ జిడ్డునే ఒక డబ్బాలో తెచ్చి
తిట్టినట్టే చెప్పాడు:
"నీళ్లు గోరువెచ్చగా. ఐదు నిమిషాలు చాలు.
ఆ సబ్బు చొక్కాలకి వదిలెయ్.
తుడవకు, అద్దు. తడి ఆరకముందే ఇది పట్టించు.
తడి లోపలుండాలి, జిడ్డు తలుపెయ్యాలి.
సిమెంటు కలిపితే తొడుగులు.
రాత్రికి మేజోళ్లు,
కాళ్లకి కాదురా, చేతులకి!
రెండు వారాలకీ మానకపోయినా, చీము పట్టినా
నర్సు దగ్గరికి పో, నా దగ్గరికి రాకు."

మొదటి రాత్రి మండింది. కిక్కురుమనలేదు.
రెండో రాత్రి, రెండు చేతులకీ బూడిదరంగు మేజోళ్లతో
నా మంచం పక్కకొచ్చి నిలబడ్డాడు,
ముక్కు గోకమని.
గోకాను.

పన్నెండో రోజుకి చీలిక వెంట్రుకంత గీతైంది.
పాత పేకే. కొత్తది కావాలంటే
బజారు నూట నలభై కిలోమీటర్లు.
ఆ పొద్దున నా బీట్‌రూట్ గిన్నెలో
వేలు ముంచిన జాడ కనిపించింది.
నేనేమీ అనలేదు.

రాత్రి అనక్లేతో పందెం పెంచాడు.
వాళ్లు పైమూల చుక్క చూశారు, దించేశారు.
మళ్లీ పెంచాడు, మళ్లీ దించేశారు.
కుప్పంతా ఊడ్చుకుని
ముక్కను నాకొక్కడికే తిప్పి చూపాడు:
గిన్నెల నాలుగు.
దానికన్నా పనికిమాలిన ముక్క పేకలో లేదు.

రేపటి పులుసుకి బీన్సు తక్కువ పడతాయని
మాత్రం గొణిగాను.